ఇంకో తైపింగ్

మా సిచువాన్ కొండల్లో ఏ బస్సెక్కి ఎటు పోయినా పూట తిరక్కముందే ఒక తైపింగ్ తగులుతుంది. తైపింగ్ అంటే మహాశాంతి. పూర్వం దొంగల దండు కొంపలు తగలబెట్టిన చోట, కరువుకి సగం ఊరు పోయిన చోట, మిగిలిన నలుగురూ బిక్కుబిక్కుమంటూ కూర్చుని, ఇకనైనా చల్లగా బతకాలని ఆ పేరు పెట్టుకున్నారు. అంటే ఎన్ని తైపింగ్‌లు ఉన్నాయో అన్ని చోట్ల జనం హడలి చచ్చారన్నమాట. జ్యాలింగ్ నది మలుపులో ఉన్న మా ఊరూ తైపింగే. మా వరకు అదొక్కటే తైపింగ్. మిగతావి మా పేరు ఎత్తుకుపోయిన ఊళ్లని తాతల నాటి నుంచీ మా ఊళ్లో నమ్మకం. వాళ్లూ మా గురించి అలాగే అనుకుంటారని చాలా ఆలస్యంగా తెలిసింది.

మా తోడికోడలు రాన్ యూచిన్ ఆ ఊరికి నాకంటే ముందు కోడలుగా వచ్చింది. చిలగడదుంప సేమియా తీసి సంతలో అమ్మేది. నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. కలుగులో చెయ్యి పెట్టి పామును తోకపట్టి లాగడం నేను కళ్లారా చూశాను. బతికున్నవాటికి భయపడని మనిషి, చచ్చినవాళ్లంటే మాత్రం వణికిపోయేది. ఎవరింట్లో చావు జరిగినా ఆ వీధి వదిలి పొలాల మీదుగా చుట్టు తిరిగి వచ్చేది. నేను వెక్కిరిస్తే, పాముకి తల ఎటుందో తెలుస్తుంది, చచ్చినవాళ్లకి తెలియదు కదే అనేది.

అలాంటి మనిషి నెత్తినే పడింది ఆ పని. ఆమె మొగుడు, మా బావగారు వాన్‌లూ, దూరపు జిల్లాలో బొగ్గు గనిలో పైకప్పు కూలి పోయాడు. మా ఆయన గ్వాంగ్‌తుంగ్‌లో ఇటుక బట్టీలో ఉన్నాడు, కబురు అందలేదు. యూచిన్‌కి ఉన్నది ఒక పసి కూతురు. దాన్ని అత్తమ్మ దగ్గర వదిలి, ఆడవాళ్లం మేమిద్దరమే బయల్దేరాం. బూడిద పెట్టె తేవడం గొప్ప కాదు. మనిషిని తేవాలి. పరాయి చోట చచ్చినవాణ్ణి పేరు పెట్టి పిలిచి, వాడి ఆత్మని కోడిపుంజు మీద ఎక్కించుకుని, వంతెన వంతెనకీ చెప్పుకుంటూ ఇంటి దాకా తీసుకురావాలి. దారిలో తప్పిపోయాడా, ఇక వాడికి అన్నం లేదు, గుడ్డ లేదు, మొక్కేవాళ్లు లేరు. దిక్కులేని దయ్యమై తిరుగుతాడు. అత్తమ్మ ఎర్ర పుంజును బుట్టలో పెట్టి ఇస్తూ ఒకటే మాట అంది, నా కొడుకుని దారిలో పారేసుకోకండి అని.

గని దగ్గరి వాళ్లు పెట్టె చేతిలో పెట్టి, తొందరగా వెళ్లిపోమన్నట్టు చూశారు. యూచిన్ గని నోటి ముందు నిలబడింది. లోపలి నుంచి చల్లటి గాలి వస్తోంది. ఆమె రెండు చేతులతో బుట్టను గట్టిగా పట్టుకుంది. వాన్‌లూ, తైపింగ్‌కి పోదాం పద, తైపింగ్‌కి పోదాం పద అని పిలిచింది. బుట్టలో పుంజు ఒక్కసారి ఒళ్లు విదిలించింది. ఎక్కాడు అనుకున్నాం.

బస్సుల్లో బూడిద పెట్టెలు ఎక్కనివ్వరు. అందుకని దాన్ని పాత దుప్పట్లో చుట్టి, పొగబెట్టిన పంది మాంసం అని చెప్పాం. టికెట్లు కోసే ఆడమనిషి ముక్కు ఎగబీల్చి, వాసన రావట్లేదేం అంది. ఇంకా సరిగ్గా పొగ పట్టలేదమ్మా అన్నాను. ఆమెకి తెలిస్తే నడి కొండల్లో దింపేస్తుంది. అందుకే వంతెన వచ్చినప్పుడల్లా యూచిన్ గట్టిగా చెప్పలేక, బుట్ట మీదికి వంగి, వంతెన దాటుతున్నాం, నా వెంటే రా అని గొణిగేది. పక్క సీటు ముసలాయన ఆమెను చూసి చూసి, కోడితో మాట్లాడే మనిషి పక్కన ఎందుకని లేచి వెనక్కి పోయాడు.

మలుపులకి నాకు కడుపులో తిప్పి, తల కిటికీ బయటే పెట్టుకున్నాను. కబురు వచ్చిన దగ్గర్నుంచి కన్ను మూయని యూచిన్, బుట్ట మీద చెయ్యేసి కునికింది. సరిగ్గా అప్పుడే బస్సు ఆగింది. టికెట్ల ఆడమనిషి తలుపు బాది, తైపింగ్, తైపింగ్ దిగండి అని అరిచింది.

పుంజు బుట్ట మూత తన్నుకుని లేచింది. దిగేవాళ్ల కాళ్ల మధ్య నుంచి ఒక్క దూకులో కింద పడి, రోడ్డు దాటి పరుగెత్తింది. యూచిన్ కళ్లు తెరిచేసరికి బుట్ట ఖాళీ. నేను ఆమె ముఖం చూశాను. ఆ తెల్లబోవడం ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది.

"చెల్లీ," అంది, "నేను జిల్లా చెప్పలేదే."

అప్పుడు అర్థమైంది నాకు. పురోహితుడైతే రాష్ట్రం, జిల్లా, ఊరు, వీధి, ఇంటి పెద్ద పేరు అన్నీ చదివి పిలిచేవాడు. ఆమె ఇంట్లో పిలిచినట్టు తైపింగ్ అని పిలిచింది. మా ఊళ్లో ఎవరం మాత్రం జిల్లా పేరు ఎప్పుడు చెప్పాం? ఆ గొర్రెలాంటి మనిషి ఊరి పేరు వినగానే దిగిపోయాడు. పెట్టె, మూటలు పట్టుకుని మేమూ దూకాం. బస్సు మమ్మల్ని వదిలి పోయింది.

ఊరివాళ్లు కోడి పోయిన వైపు నవ్వుతూ చూపించారు. వాళ్లకది తప్పిపోయిన కోడి. మేము వెతుకుతున్నది ఎవరినో వాళ్లకి తెలిస్తే ఆ నవ్వు ఉండేది కాదు. రాళ్ల మెట్లు దిగి, ఒక ఇంటి ముంగిట్లోకి వచ్చి ఆగిపోయాం. తలుపుకి ఎర్రగుడ్డ, మాచిపత్రి కట్ట వేలాడుతున్నాయి. పురిటిల్లు. పుంజు సందులోంచి లోపలికి పోయి బాలింత మంచం కింద దూరిందట. లోపల కేకలు.

చచ్చినవాడు ఎక్కిన కోడి, అప్పుడే పుట్టిన బిడ్డ ఉన్న గదిలో. ఇంతకంటే కానిది ఉంటుందా?

ఆ ఇంటి ముసలావిడ, కౌ ఇంటి పెద్దావిడ అనేవారు ఆమెని, కూరగాయల కత్తి పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ముందు మమ్మల్ని కోడి పోగొట్టుకున్న బాటసారులనే అనుకుంది. తర్వాత యూచిన్ చెప్పుల మీద చావు గుర్తుగా కుట్టిన తెల్ల గుడ్డ చూసింది, ఆ తర్వాత దుప్పట్లో పెట్టె ఆకారం చూసింది.

"చచ్చినోణ్ణి నా మనవడి మీదికి తోలావటే?" అంది.

వెనక జనం పోగయ్యారు. ఎవరో కర్ర అందుకున్నారు, ఎవరో మమ్మల్ని ఊరు దాటించమన్నారు. ముసలావిడ లోపలికి తిరిగింది, కోడి గొంతు అక్కడే కోసి నెత్తురు గుమ్మానికి పూస్తానని. యూచిన్ మోకాళ్ల మీద పడింది. గుమ్మం మాత్రం ముట్టుకోలేదు. అంత భయంలోనూ మైలమనిషి పురిటి గుమ్మం తాకకూడదన్నది మరిచిపోలేదు.

"కొయ్యకమ్మా. అది పోతే ఆయనకి ఎక్కడానికి ఏవీ ఉండదు. ఇక్కడే ఉండిపోతాడు. నీ ఇంట్లోనే."

ముసలావిడ ఆగిపోయింది. కత్తి కిందికి దిగింది. ఒక్క మాటతో ఇద్దరి భయం ఒకటే అయింది. అయితే నీ మొగుణ్ణి పిలుచుకుపోవే అంది, గొంతు తగ్గించి.

యూచిన్ ఆ గుమ్మం బయట నేల మీద కూర్చుని, లోపలి చీకట్లోకి చూస్తూ మొదలుపెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. తిట్టింది. ఇంట్లో పొయ్యి దగ్గర తిట్టినట్టే తిట్టింది.

"ఏవయ్యా, తైపింగ్ అనగానే దిగిపోవడమేనా? కళ్లెట్టి చూసుకోవక్కర్లేదా? మన ఇంటెనక వెదుళ్లుంటాయి, ఇక్కడున్నాయా? మన గుమ్మం తూర్పుకి, ఇదెటుందో చూడు. ఎప్పుడూ ఇంతే నువ్వు, పెళ్లి భోజనం అంటే ఎవరిదో కనుక్కోకుండా పీటేసుకుని కూచునే మనిషివి. ఇది మన పెళ్లి కాదయ్యా, లే. తప్పు నాదే, జిల్లా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా విను..."

అని రాష్ట్రం, జిల్లా, నది మలుపు, రేవు, మెట్లు, ఎడమకి తిరిగితే మూడో ఇల్లు, అన్నీ చెప్పింది. గుమ్మంలో మీ అమ్మ కాచుకుని కూర్చుందయ్యా అన్నప్పుడు ఒక్కసారి ఆగి, చేత్తో ముఖం తుడుచుకుంది. చివరికి కౌ ఇంటి ముసలావిడ కూడా లోపలికి తిరిగి, నాయనా, ఇది నీ తైపింగ్ కాదు, నీ పెళ్లాం చెప్పిన చోటికి పో అని రెండు చేతులూ జోడించి బతిమాలింది.

పుంజు మంచం కింద నుంచి మెల్లగా నడిచి బయటికి వచ్చింది. సరిగ్గా అదే క్షణంలో, అప్పటిదాకా చప్పుడు లేని పసివాడు కేరుమన్నాడు.

యూచిన్ కోడిని గుండెకి అదుముకుంది. ఆయన మళ్లీ వెనక్కి రాకుండా ముసలావిడ మా వెనక ఉప్పూ బియ్యం చల్లింది. మీ ఊరికి వేరే పేరు పెట్టుకోండి అని ఎవరో అరిచారు. ముందు మీరు పెట్టుకోండి అన్నాను నేను. అన్నాక భయమేసి వేగంగా నడిచాను.

తర్వాతి బస్సులో యూచిన్ బుట్ట ఎత్తి చూసి, కోడి తేలిగ్గా ఉందే అంది. పొద్దున్నుంచి మేత లేదు, తేలిగ్గా ఉండక బరువెక్కుతుందా అన్నాను. ఆమె నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. పసివాడు ఎందుకు అప్పుడే ఏడ్చాడు?

ఇంటికి చేరాం. వచ్చాడా అని అడిగింది అత్తమ్మ. వచ్చాడు అంది యూచిన్. ఆ మాటతో అత్తమ్మ బతికినన్నాళ్లూ నెమ్మదిగా బతికింది. యూచిన్‌కి ఆ నెమ్మది లేకుండా పోయింది. సమాధి దగ్గర అన్నం పెట్టి, ఎవరికి పెడుతున్నానో అనేది. పక్కనే మా సంత ఉండగా సేమియా మూట నెత్తినెత్తుకుని రోజంతా బస్సుల్లో కూర్చుని ఆ తైపింగ్ సంతకి పోయేది. లాభం బస్సు టికెట్లకే సరి. నేను తోడు పోయేదాన్ని, ఆమెను ఒక్కదాన్నే పంపడానికి భయమేసి.

పసివాడికి గౌవా అని పేరు పెట్టారు. కుక్కపిల్ల అని అర్థం. గాలి, దయ్యం కన్నెత్తి చూడకూడదని. వాడు నడవడం, పరుగెత్తడం, బడికి పోవడం అన్నీ యూచిన్ అంగడి పక్క నుంచి చూసింది. వాడు ఎడమ చేత్తో రాయి విసిరితే ఆమె ముఖం మాడేది, వాన్‌లూది ఎడమ చేతి వాటం. కారం తిని ముక్కు కారిస్తే ఊపిరి పీల్చుకునేది, వాన్‌లూ కారానికి బెదిరే రకం కాదు. కౌ ఇంటి ముసలావిడ మొదట్లో రాళ్లు రువ్వినంత పని చేసింది. కొన్నేళ్లకి అలిసిపోయి, తనే వచ్చి మా పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"వాడిలో ఏం వెతుకుతున్నావో నాకు తెలుసులేవే," అంది ఒకసారి. "నేనూ అదే వెతుకుతున్నా. ఉండకూడదని."

ఇద్దరూ అలా ఒకే పిల్లాణ్ణి ఒకే భయంతో చూస్తూ ముసలివాళ్లయ్యారు. ఆవిడ ముందు పోయింది.

గౌవాకి మీసం వచ్చింది. కిందటేడు వానల ముందు సంతకి వెళ్లేసరికి వాడు బస్సాగే చోట మూట పక్కన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎక్కడికిరా అన్నాను ఊరికే. బొగ్గు గనికి పెద్దమ్మా, మా బ్యాచ్ అంతా పోతున్నాం అన్నాడు.

యూచిన్ చేతిలో సేమియా మూట జారి కింద పడింది. పోయి వాడి చొక్కా పట్టుకుంది. వాడికి ఆమె సంతలో సేమియా అమ్మే ముసలిది, అంతే. వాడి తోటివాళ్లు నవ్వారు. ఆమెకి అవేవీ పట్టలేదు. ఇన్నేళ్లలో నాకు కూడా చెప్పని మాట ఆ రోడ్డు మీద చెప్పింది.

"ఎళ్లొద్దు. మా ఆయన కూడా ఇలాగే మూట పట్టుకుని నిలబడ్డాడు. లోపల చీకటి, నాకు భయమేస్తోందే అన్నాడు. నేను నవ్వాను నాయనా. మగాడివేనా అన్నాను. నేనే పంపించాను."

గౌవా ఆమె చెయ్యి విదిలించుకోబోయి ఆగాడు. స్నేహితుల వైపు చూశాడు. వాళ్లు బస్సు మెట్లెక్కుతున్నారు. వాడు వంగి ఆమె చెవి దగ్గర, వాళ్లకి వినబడకుండా అన్నాడు.

"నాకూ భయంగానే ఉంది పెద్దమ్మా."

యూచిన్ నవ్వలేదు. భయమేస్తే పోకు అంది. రెండు చేతులతో వాడి చొక్కా పట్టుకుని, ఎవరేమన్నా పోకు అంది. తలుపు దగ్గర టికెట్లు కోసే ఆడమనిషి ఎక్కుతావా లేదా అని రెండుసార్లు అడిగింది. వాడు తల అడ్డంగా ఊపాడు. బస్సు కదిలి కొండ మలుపు తిరిగేదాకా ఆమె వాడి చొక్కా వదల్లేదు.