పుల్ల ఐసు తొట్టిలో నా బీరు

కోవిల్‌పట్టి నడివేసవి కత్తిరి ఎండల్లో చలికి ప్రాణం పోయిందంటే మీరు నమ్ముతారా? పోయింది. చంపింది నేనే. నవ్వండి, మా వీధంతా నవ్వేసింది, మీరొక్కరే మిగిలారు.

నేను ఇంట్లో బీరు చేస్తాను. జొన్నలు మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, ఉడికించి, వడకట్టి, చల్లారాక ఈస్టు కలుపుతాను. పోలీసులకు చెప్పకండి. ఆ ఈస్టు నా బావమరిది గురుసామిది. వయసులో ఉన్నప్పుడు బెంగుళూరు బీరు ఫ్యాక్టరీలో పని చేసి, వచ్చేటప్పుడు టిఫిన్ డబ్బాలో దాచి తెచ్చాడు. బీరు తయారయ్యాక అడుగున తెల్లటి మడ్డి మిగులుతుంది, అదే ఈస్టు. ప్రాణమున్న సరుకు. తీసి పెట్టుకుంటే మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది. నాకు కొంచెం ఇచ్చాడు. అలా ఇచ్చినవాణ్ణి పట్టుకుని ఒక పెళ్ళిలో పదిమంది ముందర, "ఈస్టు నీదైతే ఏమప్పా, బీరంటే నాదే. నీది గంజి!" అన్నాను. అంతే. విరుదునగర్‌లో ఉండే మనిషి మా గడప తొక్కడం మానేశాడు.

నా భార్య కొండమ్మకు వాడొక్కడే తమ్ముడు. "నోటితో నా పుట్టిల్లు మూసేస్తివి" అని అప్పటినుంచి అన్నం పెట్టినప్పుడల్లా అంటూనే ఉంది.

పోయిన వారం వీధి చివర టెలిఫోన్ బూత్‌కి వాడే ఫోన్ చేశాడు. "అక్కా, నా కాడ ఉండే ఈస్టు ఎండకి చెడిపోయింది. బావ కాడ ఉండేదే మిగిలింది. ఆదివారం వస్తా. ఒక సీసా బీరు, రవ్వంత ఈస్టు ఇయ్యమను. పాతదంతా మరిచిపోతా."

కొండమ్మ ఏడ్చింది. వెంటనే కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఈసారి నువ్వు నోరు తెరవొద్దు."

సరే, నోరు తెరవలేదు. చెయ్యి పెట్టాను.

బీరు సిద్ధంగా ఉంది. కానీ ఆ ఎండకు ఆదివారానికి పులిసిపోతుందని భయం. మా ఇంట్లో ఫ్రిడ్జి లేదు, కొనను కూడా. "తడి గోనె చుట్టి నీళ్ళ కుండల పక్కన పెట్టు" అంది కొండమ్మ. ఆమె చెప్పింది కాబట్టి నేను చెయ్యలేదు. సీసాలన్నీ, ఈస్టు జాడీతో సహా, సైకిలుకు కట్టుకుని పాండి పుల్ల ఐసు కంపెనీకి పోయాను. అక్కడ పెద్ద తొట్టిలో గడ్డకట్టని ఉప్పునీళ్ళుంటాయి. అందులో అచ్చులు దించితే పాలు రాయిలా గట్టిపడతాయి.

"వేణాం అయ్యా, వద్దు" అన్నాడు పాండి. "మీరు టీ తాగి వచ్చేంతలో తీసేయాలి."

"బీరు ఎంత చల్లగా ఉంటే అంత మంచిదిరా. నాకు చెప్తావా? రేప్పొద్దున తీసుకుంటా."

పొద్దున పోయేసరికి పాండి తొట్టి ముందర తలపట్టుకుని కూర్చున్నాడు. సీసాలు పగిలిపోయాయి. ఉప్పునీళ్ళమీద గాజు పెంకులు, నురగ. గదంతా సారాయంగడి వాసన. "అయ్యా, ఈ ఐసు చీకి పిల్లలు ఇంటికి పోతే వాళ్ళమ్మలు నన్ను చీపురుతో కొడతారు!" ఆ రోజు ఐసంతా పారబోశాడు. పగలకుండా మిగిలింది ఒక్క సీసా. ఈస్టు జాడీలో తెల్లటి కొబ్బరి బర్ఫీ.

ఇంట్లో చెప్పలేదు. సీసా, జాడీ పెరట్లో ఎండలో పెట్టి పక్కన కూర్చున్నాను. ఎండ మన ఊళ్ళో కొదవా, కరిగిపోతుంది అనుకున్నాను. కరిగేలోపు విరుదునగర్ బస్సు వచ్చేసింది.

గురుసామి నవ్వుతూ వచ్చాడు. అక్క చేతి మజ్జిగ తాగాడు. నేను సీసా మూత తీశాను. చుయ్ అని చప్పుడన్నా రాలేదు. గ్లాసులోకి వంచితే నాలుగు చుక్కలు పడి, ఐసుగడ్డ వచ్చి సీసా మెడకు అడ్డం పడింది.

"బావా, దీన్ని తాగమంటావా, నాకమంటావా?"

కొండమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వుతో అంతా తీరిపోయిందనుకున్నాను. కానీ వాడు జాడీ అడిగాడు. చూశాడు. నవ్వు పోయింది. గోరువెచ్చని నీళ్ళలో బెల్లం కలిపి, కరిగినంత ఈస్టు అందులో వేసి, గిన్నె ముందర బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. బ్రతికుంటే బుడగలు రావాలి. మధ్యాహ్నం భోజనం చెయ్యలేదు. బస్సు ఒకటి వదిలేశాడు, ఇంకొకటి వదిలేశాడు. ఒక్క బుడగ రాలేదు.

"నాది ఎండకి పోయింది, అది నా తలరాత" అన్నాడు లేస్తూ. "దీన్ని మాత్రం నువ్వు కష్టపడి చంపినావు బావా."

"పాండి సరిగ్గా చూసుకోలేదు..." అన్నాను.

అప్పుడన్నా ఊరుకుని ఉండాల్సింది. కొండమ్మ విసురుగా లేచింది. లోపలికి పోయి సంచిలో చీరలు పెట్టుకుని వచ్చింది. "ఉండు తమ్ముడా, నేనూ వస్తా."

ఇప్పుడు ఇంట్లో నేనొక్కణ్ణే. ఎప్పుడొస్తుందో చెప్పలేదు, నేను అడగలేదు. అడగను కూడా. నిన్న పాలు కాచాను. తోడు పెడదామంటే ఇంట్లో పెరుగు చుక్క లేదు. గిన్నె పట్టుకుని పక్కింటి లచ్చిమి వాకిట్లో నిలబడ్డాను. ఆమె గరిటెడు పెరుగు వేసింది గానీ గిన్నె వదలలేదు.

"పెద్దయ్యా, ఇస్తాను గానీ, దీన్ని పాండి కాడికి ఎత్తుకుపోనని చెప్పు."