గోడకి ఆనని కప్పు

మొన్న స్మృతి నగర్‌లో పక్కింటివాళ్లు స్లాబు కింద చెక్కలు విప్పుతుంటే, తడి సిమెంటూ, వాటికి పూసిన పాత ఇంజనాయిలూ కలిసిన వాసన మా వంటింట్లోకొచ్చింది. ఆ వాసన తగిలితే చాలు, నాకు నాన్న చొక్కా గుర్తొస్తుంది. నాన్న సెంట్రింగ్ మేస్త్రీ. కాంక్రీటు గట్టిపడేదాకా కప్పుని మోసే పోటుకర్రలు నిలబెట్టే మనిషి.

నా చిన్నప్పుడు, నాన్న పనికోసం మేం వలసొచ్చిన ఈ హిందీ ఊళ్లో, మా కాలనీ చెరువు మధ్య దిబ్బ మీద చర్చి కట్టారు. దానికి గోపురం లేదు, లోపల ఒక్క స్తంభమూ లేదు. బోర్లించిన పడవలాంటి కప్పు నాలుగు మూలలా నేలలోకి దిగిన కాళ్ల మీదే నిలబడాలి. గోడలకీ దానికీ మధ్య చుట్టూ జానెడు సందు, అందులోంచి నీళ్ల మీది వెలుగు లోపల పడాలని నక్షా గీసినాయన కోరిక. చలికాలం సాయంత్రాలు మేం గట్టు మీద కూర్చుని, రేగుపళ్లు ఉప్పులో అద్దుకు తింటూ, అది రోజురోజుకీ లేవడం చూసేవాళ్లం. "చర్చేటిది, గోదాములాగుంది" అని పెద్దలు పెదవి విరిచేవారు.

అమ్మ భయం వేరు. "గోడకి ఆనకుండా కప్పెలాగ నిలుస్తాదండీ?" అని రోజూ పోరేది. కర్రలు తీసేరోజున, వాటిని పెట్టిన మేస్త్రీయే చివరి కర్ర పడేదాకా కప్పు కింద నిలబడాలని అప్పట్లో వాళ్ల పద్ధతి మరి. "నా పనికి నేనే జవాబు" అని నాన్న మీసం దువ్వేవాడు. అమ్మకి ఒళ్లు మండిపోయేది.

ఆ రోజు రానేవచ్చింది. అమ్మ పైడితల్లికి మొక్కుకున్న కొబ్బరికాయ సంచిలో వేసుకుని, మరియమాతని కూడా తలుచుకుంటూ, నా చెయ్యి పట్టుకుని గట్టు మీద నిలబడింది. సుత్తి దెబ్బకి కర్ర పడ్డప్పుడల్లా అమ్మ గోళ్లు నా అరచేతిలో దిగేవి. చివరి కర్ర పడ్డాక దుమ్ము లేచి ఏమీ కనబడలేదు. నాకు ఏడుపొచ్చేసింది. అంతలో దగ్గుతూ, బూడిద పూసుకున్న బైరాగిలా నాన్న బయటికొచ్చాడు. హమ్మయ్య! అమ్మ కూలబడి ఏడ్చి, వెంటనే లేచి మట్టిబాట మీదుగా దిబ్బ మీదికెళ్లి ఫాదరుగారి ముందే నాన్నని కడిగేసింది. "మీ మీసాలు తగలెయ్య! మీకేటైనా అయితే మాకేటి గతి?" ఆపైన కొబ్బరికాయ ఆ చర్చి మెట్ల మీదే కొట్టింది. ఫాదరుగారు ముక్క నములుతూ, "బెహన్‌జీ, బహుత్ మీఠా హై" అని హిందీలో దాని తీపిని మెచ్చుకున్నారు.

ఇప్పుడా చెరువు పూడ్చేశారు, దిబ్బ ఇళ్ల మధ్య కలిసిపోయింది. పోటుకర్రల చోట ఇనప జాకీలొచ్చాయి, మేస్త్రీ కింద నిలబడే పద్ధతీ పోయింది. పోతే పోయింది, పీడా పోయింది! తమ్ముడిదీ నాన్న పనే. కప్పు విప్పే రోజు తాడు కట్టి అందర్నీ బయటికి పంపేస్తారట. అయినా ఆ రోజు అమ్మ వాడికి ఫోన్ చెయ్యక మానదు.

"లోపలెవురున్నార్రా?"

"ఎవురూ లేరమ్మా."

ఆ మాట వినడానికి మా అమ్మకి ఒక జీవితం పట్టింది.