నాకొక్కదానికే చెప్పారనుకున్న మాట

సార్ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను వార్డులో ఒక తాతగారికి ఇంజెక్షన్ సిద్ధం చేస్తున్నాను. "మన కౌన్సెలింగ్ సార్ పోయినాడంట పాపా" అంది ఫోన్‌లో అమ్మ. సూది చూసి తాతగారు ఏడవాలి. నేను ఏడ్చాను. ఆయనే నన్ను ఓదార్చారు.

బడిలో పని మానుకున్నాక, బెంగళూరు శివార్లలోని హెబ్బగోడిలో మా చర్చి హాలులో ప్రతి శనివారం సార్ ఒక మేజా వేసుకొని కూర్చునేవారు. పీయూసీ, అంటే ఇంటర్, అయిన పిల్లలు ఏం చదవాలో చెప్పేవారు. చర్చి వాళ్ళే కాదు, వీధిలో వాళ్ళూ వరుసలో నిలబడేవారు. ఫ్లాస్కులో టీ తెచ్చుకొని, గ్లాసు మాకిచ్చి, ఆయన మూతలో పోసుకొని ఊదుకుంటూ తాగేవారు. "చదివేది మీ పని, ఫారం నింపేది నా పని" అనేవారు. అందరి ఫారాలూ ఆయన చేతిరాతే. ఒకే మనిషి ఏటా ఇన్ని పేర్లతో చేరుతున్నాడేమిటని కాలేజీల వాళ్ళు అనుకొని ఉంటారు.

నాకప్పుడు మెషిన్ల పిచ్చి. ఇంట్లో మిక్సీ, ఫ్యాను, ఏదైనా సరే విప్పి మళ్ళీ బిగించేదాన్ని. ఒకటి రెండు స్క్రూలు మిగిలేవి, అది వేరే సంగతి. మెకానికల్ చదువుతానన్నాను. సార్ మూత పక్కన పెట్టి, నా రెండు చేతులూ తిప్పి తిప్పి చూశారు.

"ఈ చేతుల్లో ఓదార్పు ఉండాది పాపా. అందరికీ ఉండేది కాదు ఇది. నర్సింగ్ తీసుకో."

"మరి మెషిన్లు సార్?"

"మెషిన్‌కు ఓదార్పు ఎందుకు చెప్పు?"

అంతవరకూ నా చేతుల్ని అంత శ్రద్ధగా చూసిన మనిషి లేడు. కరిగిపోయాను.

ఆ రోజు వరుసలో నా ముందున్నది చిత్తూరు వైపు నుంచి వచ్చిన కిరాణా అంగడి వాళ్ళబ్బాయి. మంచాన పడ్డ వాళ్ళ అవ్వకు అన్నీ తనే చేసేవాడు. నర్సింగ్ చదువుతానన్నాడు. "మగపిల్లోడివి, పైగా ఇంట్లో అంగడి ఉండాది. సుమ్నే గమ్మున బీకామ్ చేసుకోప్పా" అన్నారు సార్. వెనక నిలబడి నేను నవ్వాను కూడా.

సార్ చేసిన మేలు చెప్పకపోతే పాపం. చందాపుర గార్మెంట్స్ ఫ్యాక్టరీలో నన్ను చేర్పిస్తానన్న నాన్నతో మూడు వారాలు వాదించి గెలిచింది ఆయనే. హాస్టల్లో నేను ఏడుస్తున్నానని తెలిసి, రెండు బస్సులు మారి అరటిపళ్ళు పట్టుకొని వచ్చిందీ ఆయనే. కష్టమైన డ్యూటీ పడినప్పుడల్లా చేతులు చూసుకొని ఆయన మాట తలుచుకునేదాన్ని. ఆ ఒక్క మాట మీద ఏడేళ్ళు నెట్టుకొచ్చాను.

సార్‌ను మట్టి చేసే చోట ఎండకు ఒక పెద్దావిడ కళ్ళు తిరిగి పడిపోయింది. ఏడుగురు ఆడపిల్లలం పరుగెత్తాం. ఏడుగురమూ నాడి పట్టుకోబోయాం. ఆవిడకున్నవి రెండే చేతులు. ఆమె కాళ్ళు ఎత్తిపట్టి, జనాన్ని జరిపి, గాలి ఆడనిచ్చింది మాత్రం అంగడి వాళ్ళబ్బాయి.

ఆవిడ లేచి కూర్చున్నాక మేం ఒకరినొకరం చూసుకున్నాం.

"నువ్వూ నర్సేనా?"

"ఊఁ. నీకూ సారేనా?"

"ఇంకెవరే!"

ఒక అక్క చేతులు చాచి, అచ్చం సార్ గొంతుతో అంది: "ఈ చేతుల్లో ఓదార్పు ఉండాది పాపా..." మిగతా ఐదుగురూ ఒక్కసారిగా అందుకున్నారు: "అందరికీ ఉండేది కాదు ఇది!"

వాళ్ళు నవ్వారు. నేను నా చేతులు చూసుకున్నాను. అందరిదీ ఒకే చర్చి, ఒకే భాష. అందరమూ ఆడపిల్లలం. సార్ నా చేతులు చూడలేదు. నా పేరు చూశారు, నా జడ చూశారు. దేవుడికి ఫిర్యాదు పెడదామనుకున్నాను. ఆ ఫారం మాత్రం ఎవరు నింపుతారు?

నాకు నర్సింగ్ ఇష్టం లేదని కాదు. నన్ను పేరు పెట్టి పిలిపించుకునే పేషెంట్లున్నారు. అది నా ఇష్టమో, నాకైన అలవాటో ఇక నేను తేల్చుకోలేను. అదీ నా బాధ.

మూడో రోజు ప్రార్థన అయ్యాక సార్ కూతురు తోడు రమ్మని తన స్కూటర్ మీద నన్ను పక్కనున్న జిగణికి తీసుకెళ్ళింది. అక్కడ ఆమెకు చిన్న వర్క్‌షాపు ఉందట. అప్పటివరకూ నాకు తెలియదు. షట్టరు ఎత్తుతుంటే అడిగాను.

"అక్కా, సార్ నీ చేతులు చూసి ఏం చెప్పారు?"

"నా చేతులా? చూడలేదే. ఏం కావాల నీకు అని అడిగినాడు. లేత్ పని అన్నా. సరే అన్నాడు. ఆయ్తు."

"అంతేనా?"

"అంతే. ఏం పాపా?"

ఏం కావాలనే ఆ ప్రశ్న సార్‌కు తెలుసు. ఇంట్లో అడిగారు. మేజా దగ్గర మాత్రం అడగలేదు.

అక్క ఇనుము చెక్కే ఆ లేత్ మెషిన్ ఆన్ చేసింది. "దూరం జరుగు, కాలుతుంది" అంది. నేను జరగలేదు. తిరుగుతున్న కడ్డీ నుంచి ఇనుప తొక్క చుట్టలు చుట్టలుగా లేచి, నీలంగా మెరిసి, తెగి నా చెప్పు పక్కన పడింది. సన్నగా పొగ వస్తూనే ఉంది.