పేగుల మాస్టారి పరామర్శ

పరిశోధనశాలలో పేగుల జబ్బుల మీద పనిచేసే పెద్దాయనను అందరూ పేగుల మాస్టారంటారు. ఆయనకు ఉన్నది ఒకటే జబ్బు: మనిషి కనబడితే చాలు, కడుపు సంగతి అడగడం. నమస్కారం పెట్టినా "కడుపెలా ఉంది?" అంటారు. గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగారు. తలుపులు మూసుకుని కూర్చున్న డైరెక్టరుగారిని తలుపు తోసి మరీ అడిగారు. ఎవరి పెళ్లిలోనో అందరూ భోజనాలకు లేస్తే, ఓ మూల మిగిలిపోయిన ఫొటోగ్రాఫరును పట్టుకుని "విరేచనం సాఫీగా అవుతోందా?" అన్నారట. ఆ తర్వాత తీసిన ఫొటోలన్నీ వణికిపోయాయని పరిశోధనశాలలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కొత్తగా చేరిన అమ్మాయికి ఆయనంటే హడల్. ఆమెకు ఊళ్లో తెలిసినవాళ్లు లేరు. అద్దె గదికి వెళితే పలకరించే దిక్కు లేదు. క్యాంటీన్లో గోడవైపు తిరిగి తినేది. రోజూ వెనకనుంచి అదే గొంతు.

"అమ్మాయ్, కడుపెలా ఉంది?"

"బాగానే ఉందండీ."

"నిన్నా అదే అన్నావు. కొత్త విశేషాలేం లేవా?"

నిజానికి బాగాలేనివి ఆమె ఎలుకల కడుపులు. మనుషుల్లో ఏళ్ల తరబడి మానని పేగుపూతను ఎలుకల్లో తెప్పించి, మందులు పరీక్షించడానికి వీలుగా సిద్ధం చేయడం ఆమె పని. తాగే నీళ్లలో కొన్నాళ్లు పేగు లోపలి పొరను దెబ్బతీసే మందు, కొన్నాళ్లు ఉత్త నీళ్లు, మళ్లీ మందు. పొర చెదరాలి, కాస్త మానాలి, మళ్లీ చెదరాలి. ఈ ఎలుకలు మానడం మాట మరిచిపోయి చిక్కి శల్యమవుతున్నాయి. ఇంకాస్త బరువు తగ్గితే ప్రయోగం ఆపేయాల్సిందేనని, జంతువుల మీద ప్రయోగాలకు అనుమతులిచ్చే కమిటీ తేల్చి చెప్పింది.

మాస్టారు వచ్చి, ముందు ఎలుకలన్నింటినీ వరసగా పరామర్శించారు.

"ఒక్కోదాన్ని ఒక్కో పెట్టెలో పెట్టావేం?"

"ఏది ఎంత తిన్నదీ తెలియాలి కదండీ."

"తింటేగా తెలిసేది! పక్కన తోడు లేకపోతే ముద్ద దిగుతుందా? మానే పుండు కూడా మానదు. ఒకే ఈతలో పుట్టినవాటిని జతలు కలుపు తల్లీ. లెక్కల తిప్పలు తర్వాత పడదాం."

కలిపింది. ఉత్త నీళ్ల రోజుల్లో ఎలుకలు మేత ముట్టాయి, బరువు పుంజుకున్నాయి. ప్రయోగం నిలబడింది.

ఆ మాట చెబుదామని ఆమె క్యాంటీన్‌కి పరుగెత్తింది. నవ్వుల్లో మునిగిన ఓ బల్లను మాస్టారు చూడనైనా చూడకుండా దాటేశారు. ఒంటరిగా నములుతున్న గుమాస్తా దగ్గర ఆగారు. "కడుపెలా ఉంది?" గుమాస్తా విసుక్కుంటూ మొదలుపెట్టి, చెబుతూ చెబుతూ నవ్వేశాడు. ఆమెకు అప్పుడు వెలిగింది. ఈయన ఇన్నాళ్లూ అడిగినవాళ్లంతా పక్కన మనిషి లేనివాళ్లే. ఆమెతో సహా.

మాస్టారు మాత్రం ప్లేటు తీసుకుని మూల బల్ల దగ్గర ఒక్కరే కూర్చున్నారు. ఆమె తన ప్లేటు పట్టుకుని ఎదురుగా వెళ్లి నిలబడింది.

"ఇక్కడ ఎవరైనా వస్తారా అండీ?"

"ఎవరొస్తారమ్మా, నన్ను చూస్తేనే పారిపోతారు. కూర్చో, కూర్చో."

ఆ మధ్యాహ్నం మాస్టారు కడుపు ఊసే ఎత్తలేదు. తింటూ తింటూ మధ్యలో లేచి వెళ్లి, రెండోసారి వడ్డించుకొచ్చారు.