గుండ్లపేరుకు కాపలా

1968 మే 9, గురువారం. ఎండ తీవ్రం. అరుగు మీద ఉన్నవారు: నాయనమ్మ, పెద్దత్త, చిన్నత్త, కంసాలి మావ, నేను. నాన్న పొలంలో పని ఉందని వెళ్ళిపోయారు.

నా పాత డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. మొన్న దాన్ని మళ్ళీ తీయవలసి వచ్చింది. పెద్దత్త మనవరాలు, తన వాటాకు వచ్చిన సన్నపు గొలుసు చెరిపించి గాజులు చేయించుకుంటానని, పద్ధతిగా ఉండే మనిషినని నన్ను వెంటబెట్టుకుని శ్రీకాకుళంలో ఒక పెద్ద నగల దుకాణానికి తీసుకువెళ్ళింది. కౌంటర్ దగ్గరి అమ్మాయి గొలుసు పట్టుకుని లోపలికి పోతుంటే నేనూ వెంట లేచాను. లోపలికి రాకూడదట, గోడ మీది టీవీలో చూసుకోవచ్చట. మన బంగారం కరుగుతుంటే మనం టీవీ చూస్తూ కూర్చోవాలా? ఒళ్ళు మండింది గానీ మనవరాలు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేసింది.

మన తరం వారికి తెలుసు, ఆ రోజుల్లో కంసాలే కుంపటి పట్టుకుని ఇంటికి వచ్చేవాడు. అరుగు మీద పని, ఇంటివారిలో ఒకరు ఎదురుగా కాపలా. సాయంత్రం వెళ్ళేముందు మన పళ్ళెంలోనే చేతులు కడుక్కుని, ఆ నీళ్ళూ కుంపటి బూడిదా మనకే వదిలి వెళ్ళాలి. అందులో అవమానం ఉందని అతనూ అనుకునేవాడు కాదు, మేమూ అనుకునేవాళ్ళం కాదు. అది రివాజు.

నాయనమ్మ తాను ఉండగానే తన గుండ్లపేరు కూతుళ్ళిద్దరికీ సమంగా పంచేస్తానంది. పెద్ద శనగలంత బంగారు గుండ్లు గుచ్చిన ఆ దండను ఆవిడ ఏనాడూ ఎవరి చేతికీ ఇచ్చింది లేదు. కాపలాకు నాన్న ఉండాలి. విజయనగరంలో బి.ఏ. చదివి, ఊళ్ళో మొదటి పట్టభద్రుడనిపించుకున్న మనిషి, మూడో తరగతితో ఆగిపోయిన చెల్లెళ్ళిద్దరి మధ్య నిలబడలేక పొలం దారి పట్టారు. దాంతో ఆమదాలవలసలో కొత్తగా గుమాస్తాగా చేరిన నేను, దొరక్క దొరికిన నాలుగు రోజుల సెలవూ ఒక చెక్క కుర్చీలో ధారపోయవలసి వచ్చింది.

మొదటి రెండు రోజులు కుంపటి రాజుకోనే లేదు. పెద్దత్తకు చంద్రహారం కావాలి. చిన్నత్తకు ఎవరో ఆఫీసరు భార్య మెడలో చూసిన నెక్లెసు కావాలి. పొద్దున ఒప్పుకున్నది మధ్యాహ్నానికి మారిపోయేది. "నీ సెంద్రారం నువ్వే ఏసుకోయే, బొడ్డుకాడికి ఏలాడతాది" అని చిన్నదంటే, "నీకు నక్లీసేటే, నీకసలు మెడేదే?" అని పెద్దది. చివరికి, ముందు కరిగిస్తే ఎవరి ముద్ద వారు తీసుకోవచ్చునని నేనే విసిగిపోయి అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ అనుకుంటాను.

గురువారం పొద్దున తూకం వేశాం. కంసాలి మావ ఒక గుండు కోశాడు. కోసి, క్షణం ఆగి, గుమ్మంలో కూర్చున్న నాయనమ్మ వంక చూశాడు. ఆవిడ చాపలో ఊడిన పుల్ల సర్దుకుంటోంది. అతను మిగతావన్నీ ఒక్కసారే మూసలో పోసి ఊదడం మొదలుపెట్టాడు. నా డైరీలో ఉంది: "11.40. నల్లటి పొగ. కళ్ళు మంట." అంతా చూశాను, అంతా రాశాను, ఒక్క ముక్క అర్థం చేసుకోలేదు.

ముద్ద తూచితే పొద్దుటి తూకంలో పావు వంతుకు పైగా తగ్గింది.

"కంసాలన్నా, మిగతాదేటయినాది?" అంది పెద్దత్త.

"పాత సొమ్మమ్మా. తరుగుంటాది."

తరుగు ఇంతా ఉంటుందా? నేను కుర్చీలోంచి లేవలేదని డైరీ చూపించి చెప్పాను, ఎవరూ వినలేదు. పళ్ళెంలో నీళ్ళు వడగట్టారు, బూడిద జల్లించారు. తువ్వాలు దులపమన్నారు, దులిపాడు. పంచె కట్టు విప్పి చూపించమంటే, ముఖం పక్కకు తిప్పుకుని అదీ చేశాడు. బంగారం తేలేదాకా సామాను ఇక్కడే ఉండాలంది పెద్దత్త. కుంపటి, ఊదుగొట్టం, త్రాసు వదిలేసి వట్టి చేతులతో వెళ్ళిపోయాడు. ఇక మా ఊరే కాదు, చుట్టుపక్కల నాలుగూళ్ళలో అతన్ని అరుగెక్కించేవారుండరని అందరికీ తెలుసు. నాయనమ్మ నోరు విప్పలేదు. నాకు అందరికంటే ఆవిడ మీదే కోపం వచ్చింది.

మొన్న ఆ దుకాణంలో బంగారం నాణ్యత కొలిచే యంత్రం తెర మీద నిమిషంలో అంకె పడింది, ఎవరూ ఎవరినీ అనుమానించలేదు. మంచిదే. కానీ ఆ యంత్రం ఎవరి గుట్టూ కాపాడదు కూడా. అది తలుచుకునే ఇంటికి రాగానే డైరీలో తర్వాతి పేజీ తిప్పాను.

మే 10, శుక్రవారం. తెల్లవారేసరికి నాయనమ్మ కంసాలి సామాను తన చేత్తో మోసుకుని అతని వీధికి బయలుదేరింది. నేను అందుకోబోతే ఇవ్వలేదు. వెనకాలే అత్తలిద్దరూ, నేనూ. అతని గుమ్మం ముందు సామాను దించి, వీధంతా వినేలా అంది.

"ఇనండర్రా. ఈడేటీ తియ్యనేదు. నా కొడుకు బస్తీలో సదువుకుంటానంటే సగం గుండ్లు నానే అమ్మేసినాను. ఆటి బదులు ఈడి బాబు లక్క ఉండలకి బంగారపు రేకు తొడిగి ఇచ్చినాడు. ఈడికి తెలుసు. నా పరువు పోతాదని నిన్న నోరిప్పనేదు."

"అయితే అన్నియ్య బియ్యే మా మెడలోదన్నమాట" అంది పెద్దత్త. ఆ బి.ఏ. పుణ్యాన చదువుకున్న నేను, జేబులో కలంతో పక్కనే నిలబడి ఉన్నాను.

ఎనిమిదింటికి కంసాలి మావ మళ్ళీ మా అరుగెక్కి కుంపటి రాజేశాడు. ఏం చెయ్యమంటారని అడిగితే, మూడు రోజులు కొట్టుకున్న అత్తలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఉన్నదాంతో చెరో సన్న గొలుసు చాలన్నారు. నేను డైరీ తెచ్చుకుని కాపలాకు కూర్చోబోయాను. కుర్చీ లేదు. నాయనమ్మ అప్పటికే దాన్ని లోపలికి తీసుకుపోయింది.