ఎడమవైపు చప్పుడు

రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుందనగా, ఒక ఆగస్టు మొదటి వారంలో నేను మదనపల్లె నుంచి బదిలీ మీద పుంగనూరులో చేరాను. హోదా సహాయ పట్టు పరిశ్రమ అధికారి. పేరు బారెడు గానీ పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. మల్బరీ తోట వేసి పట్టుపురుగులు మేపే రైతుల షెడ్లకు వెళ్లాలి, పురుగులు బాగున్నాయో లేదో చూడాలి, బాగలేకపోతే ఏం చెయ్యాలో చెప్పాలి. పెద్దపంజాణి వైపు ఊళ్లు నా కిందికి వచ్చాయి. లారీలో వచ్చిన సామాన్లలో వంటింటి సామాను ఒక వంతు, నా ఆంప్లిఫయర్లూ స్పీకర్లూ మూడు వంతులు. దించేటప్పుడు వాన మొదలైంది. మా ఆవిడ సరోజ వసారాలో నిలబడి, "ముందు మీ పెట్టెలే దించుకోండి. మేం తడిస్తే ఆరతాం, అవి ఆరవు గదా" అంది. ఆమె వెటకారం నాకు అర్థం కాకపోలేదు, అయినా ముందు పెట్టెలే దించాను.

ఈ పిచ్చి నాకు కుప్పంలో పట్టుకుంది. అప్పుడు నేను కొత్తగా చేరిన టెక్నికల్ అసిస్టెంటును, అంటే మా శాఖలో అందరికన్నా ఎక్కువ తిరిగేవాణ్ణి. పట్టుపురుగు తన బతుకులో నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. అలా విడిచే ముందు ఒక రోజంతా మేత మాని తల పైకెత్తి కదలకుండా ఉంటుంది. రైతులు దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక ఏడెనిమిది రోజులు దానికి పట్టే ఆకలి ఇంతా అంతా కాదు. ఒక ఉదయం అలాంటి షెడ్డులో నిలబడి రిజిస్టరు రాసుకుంటుంటే బయట సన్నగా వాన పట్టుకున్నట్టు వినిపించింది. సైకిలు మీద ఫైళ్లు తడుస్తాయని గొడుగు విప్పుకుంటూ బయటికి పరుగెత్తాను. ఎండ ఫెళ్లున కాస్తోంది. వెనక నుంచి రైతులు పడీపడీ నవ్వారు. ఆ వాన షెడ్డు లోపలే కురుస్తోంది. వేల పురుగులు ఒక్కసారిగా ఆకు కొరికే చప్పుడది.

నవ్వితే నవ్వనీ, నేను మళ్లీ లోపలికి వెళ్లి కళ్లు మూసుకుని నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. మల్బరీ ఆకు పచ్చివాసన, మసక వెలుతురు, నలువైపులా ఆ సన్నటి వాన. ఇంతకన్నా హాయిగా ఉండే చోటు నేను ఇంతవరకూ చూడలేదు. ఈ చప్పుడును ఇంటికి తీసుకుపోవాలనిపించింది. ఆ తర్వాత నేను మార్చిన ప్రతి సెట్టూ దానికోసమే మార్చాను.

మొదటి సెట్టు కుప్పంలో ఒక రేడియో మెకానిక్కు బిగించి ఇచ్చిన చిన్న ఆంప్లిఫయరు. పెట్టె కొనే స్తోమత లేక స్పీకరును మట్టికుండ మూతి మీద బోర్లించేవాణ్ణి. పాటలకు కుండ బాగానే మోగేది. టేపులో ఎక్కించిన పురుగుల చప్పుడు వేస్తే మాత్రం పోపు మాడుతున్నట్టు ఉండేది. మదనపల్లెకు మారాక వడ్రంగితో ప్లైవుడ్ పెట్టెలు రెండు చేయించి, రెండు మైకులతో స్టీరియోలో ఎక్కించడం నేర్చుకున్నాను. ఎడమ మైకు విన్నది ఎడమ స్పీకరులో, కుడి మైకు విన్నది కుడి స్పీకరులో వస్తుంది. రెంటి మధ్య కూర్చుంటే షెడ్డు నడవలో నిలబడినట్టే ఉండాలి. అప్పుడు వాన వచ్చింది గానీ పక్కింటి మీద కురిసే వాన. ఆ తర్వాత బెంగళూరు పాతసామాన్ల బజారు నుంచి గాజు బల్బుల్లాంటి వాల్వులతో నడిచే ఆంప్లిఫయరు, చేతిలో ఇమిడే డిజిటల్ రికార్డరు, చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు వచ్చాయి. పుంగనూరు బదిలీకి ముందు నిలువెత్తు స్పీకర్ల జత ఒకటి కొన్నాను. ఈసారి వాన మా ఇంటి మీదే కురవాలని పట్టుదల.

నా చెవుల మీద నాకు గర్వం ఉండేదని ఒప్పుకోవాలి. మేసే పురుగు చప్పుడు చేస్తుంది, జబ్బు పడ్డది చెయ్యదు. గడపలో నిలబడి విని, పంట ఎలా ఉందో చెప్పేవాణ్ణి. చాలాసార్లు నిజమయ్యేది. కుప్పం వైపు రైతులు నన్ను సెవుల సారు అనేవాళ్లు. ఆ పేరు విన్నప్పుడల్లా లోలోపల పొంగిపోయేవాణ్ణి.

పెద్దపంజాణికి అవతల ఒక పల్లెలో రెడ్డెమ్మ, నాగప్ప అనే భార్యాభర్తలకు రెండెకరాల మల్బరీ ఉండేది. షెడ్డు చూసుకునేది రెడ్డెమ్మే. అంతకుముందు వరసగా రెండు పంటలు పోయాయి. నేను చేరిన వారమే నాగప్ప ఆఫీసుకు వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "ఈ ఒక్క పంట సూస్తా సార్. ఇదీ పోయిందంటే తోట పెరికి టమోటా పెడతా. ఆయమ్మకు మీరే సెప్పండి" అన్నాడు. ఆయమ్మకు చెప్పబోతే ఆమె నాకే చెప్పింది. టమోటా పెడితే తనకు కూలి పని తప్ప ఏమీ మిగలదని, ఈ షెడ్డులో తాను యజమాని అని. ఆ మాట నాకు బాగా నచ్చింది. ఈ పంట నిలబెడదామమ్మా అని మాటిచ్చి, ప్రతి జ్వరానికీ వెళ్లి చూశాను. నాలుగో జ్వరం చక్కగా లేచింది.

లేచిన రెండో రోజు మంగళవారం. మేత ఊపు మీద ఉండే రోజు కాబట్టి తనిఖీతో పాటు రికార్డింగు కూడా పెట్టుకుందామని మైకులు సంచిలో వేసుకుని వెళ్లాను. షెడ్డులో నడవకు ఎడమవైపు పురుగులు మేపే అరల స్టాండ్లు నాలుగు, కుడివైపు నాలుగు. వానజల్లు కొడుతోందని ఎడమవైపు కిటికీలన్నిటికీ టార్పాలిన్ కట్టేసి ఉన్నారు. పట్టుపురుగుకు గాలి ఆడాలి. ఈ ముక్క నేను రైతు శిక్షణల్లో ఎన్ని వందలసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ రోజు ఆ టార్పాలిన్ చూసి నాకు కలిగిన ఆలోచన ఒక్కటే, గాలి రొద మైకులో పడదు, మంచిదే అని. రెడ్డెమ్మ నా వెనకే నిలబడి, "ఈ పక్క రోంత ఉక్కగా ఉండాది సార్" అంది. ఆఁ అన్నాను. నడవలో మైకులు అటొకటి ఇటొకటి నిలబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని మీట నొక్కాను.

కుడివైపు వాన మొదలైంది. కుప్పంలో ఆ ఉదయం విన్న వానే. ఒళ్లు పులకరించింది. ఎడమవైపు మాత్రం పలచగా ఉంది. రికార్డరు మీద ఎడమకొకటి, కుడికొకటి నాబ్‌లు ఉంటాయి, మైకు ఎంత గట్టిగా వినాలో వాటితో చెప్తాం. ఎడమ నాబ్ మెల్లగా పెంచుతూ పోయాను. రెండు వైపులా సమానమయ్యాక కళ్లు మూసుకుని అరగంట విన్నాను. ఆ అరగంట నేను ఆఫీసరునూ కాదు, ఎవరి మొగుణ్ణీ కాదు.

సాయంత్రం ఇంట్లో కొత్త స్పీకర్ల మధ్య కూర్చుని వేస్తే ఎడమవైపు నుంచి వానతో పాటు బుస్సుమని రొద. ఆంప్లిఫయరులో ఎడమ వాల్వు పోయిందనుకున్నాను. బుధవారం ఆఫీసులో ఉన్నాననే గానీ మనసంతా ఆ వాల్వు మీదే. గురువారం పొద్దున్నే ఆంప్లిఫయరునూ రికార్డరునూ మోసుకుని మదనపల్లెలో ఖాదర్ భాయ్ దగ్గరికి వెళ్లాను. నా సెట్లన్నీ పాతికేళ్లుగా బాగుచేస్తున్నది ఆయనే. వాల్వు మార్చమంటే, "నక్కో సార్. తొందరపడి విప్పొద్దు" అని రికార్డింగు వేసి విని, ఆంప్లిఫయరు వెనక రికార్డరు నుంచి వచ్చే రెండు తీగలూ పీకి, ఎడమది కుడికి, కుడిది ఎడమకు తగిలించాడు. రొద కుడివైపుకు మారింది. ఏది పాడైందో తేల్చడానికి ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు. లోపం ఆంప్లిఫయరుదైతే తీగలు మార్చినా ఉన్నచోటే ఉంటుంది.

"మిషను సక్కంగా ఉండాది సార్. మీరు తెచ్చిన దాంట్లోనే ఉండాది ఈ బుస. మైకు శానా పెంచేసినారు" అన్నాడు.

అవును భాయ్, నేనే పెంచానన్నాను.

"యాల పెంచినారు?"

ఆ పక్క చప్పుడు తక్కువగా ఉండిందన్నాను.

"యాల తక్కువుండె?"

ఆయన మామూలుగా అడిగాడు, చేతిలో తీగ చుట్టుకుంటూ. దానికి జవాబు ముప్పై ఏళ్లుగా గడపల్లో నిలబడి నేను రైతులకు చెప్పిందే, జబ్బు పడ్డ పురుగు చప్పుడు చెయ్యదని. ఆంప్లిఫయరు ఆయన బల్ల మీదే వదిలేసి, టిఫిను కూడా ముట్టకుండా బండెక్కాను. దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.

షెడ్డులో అడుగు పెట్టగానే తెలిసిపోయింది. కుడివైపు వాన ఉంది, ఎడమవైపు లేదు. టార్పాలిన్ వెనక ఆవిరి పట్టిన వేడి. పురుగులు ఆకు మీద బారుగా, మెత్తగా పడి ఉన్నాయి, ఆకు వేసింది వేసినట్టే ఉంది. కొన్ని అప్పటికే నల్లబడి వాసన కొడుతున్నాయి. ఈ జబ్బును మేము ఫ్లాచరీ అంటాం. తడి ఆకు, గాలి లేని ఉక్క దీనికి తోడైతే రెండు రోజుల్లో షెడ్డును తినేస్తుంది. మొదటిరోజే పట్టుకుంటే కిటికీలు తెరిచి, ఆరిన ఆకు వేసి, మెత్తబడినవి ఏరేసి చాలావరకు దక్కించుకోవచ్చు. మంగళవారం అదే మొదటిరోజు.

టార్పాలిన్లు నేనే కోసి పడేశాను. ఎడమవైపు నాలుగు స్టాండ్లనూ ఖాళీ చేశాం. నాగప్ప తోట చివర గొయ్యి తవ్వాడు. ముగ్గురం పురుగులను గంపలతో మోసి గోతిలో పోసి సున్నం చల్లి పూడ్చాం. కుడివైపు మెత్తబడ్డవాటిని వెదురు పుల్లలతో ఏరి, మందుపొడి చల్లి, ఆరబెట్టిన ఆకే వేయించాను. అక్కణ్ణుంచి పురుగులు చంద్రికలనే వెదురు తట్టలెక్కి గూళ్లు కట్టిందాకా రోజూ వెళ్లాను. కుడివైపు పంట నిలిచింది.

గూళ్లు ఏరే రోజు ఉండబట్టలేక రెడ్డెమ్మతో అసలు విషయం చెప్పాను. అమ్మా, ఎడమవైపు తగ్గిందని నాకు మంగళవారమే వినిపించింది, నా రికార్డింగు కోసం నాబ్ పెంచుకున్నానే గానీ పురుగుల దగ్గరికి వెళ్లి చూడలేదు, తప్పు నాది అన్నాను. తిడుతుందని కాచుకున్నాను. ఆమె చంద్రిక మీద నుంచి కళ్లెత్తలేదు.

"నాకూ ఇనబడె సార్, మంగళారమే. సప్పుడు తగ్గిండాదే అనిపించె. మీరు సెవులకు అది తగిలించుకోని నగుతా నిలబడిండారు గదా, అంతా బాగుండాదేమో అనుకుంటి" అంది.

తిట్టినా బాగుండేది. సిగ్గుతో చితికిపోయాను.

తనిఖీ నివేదికలో కారణం రాసే గడి ఉంటుంది. గాలి ఆడకపోవడం, తడి ఆకు అని రాసి, మంగళవారం అధికారి షెడ్డులో ఉండి కూడా గుర్తించలేదని కింద చేర్చాను. ఇది అవసరమా అని అసిస్టెంట్ డైరెక్టరు అడిగారు. అవసరమేనండీ అన్నాను. నాగప్ప తన మాటకు తన లెక్క ప్రకారం కట్టుబడ్డాడు. సగం పంట నిలిచింది కాబట్టి సగం తోట నిలిపాడు. మిగతా ఎకరా మీద ట్రాక్టరు దున్నుతుంటే నేను గట్టు మీదే ఉన్నాను. రెడ్డెమ్మ చూడ్డానికి రాలేదు.

ఇప్పుడు రిటైరయ్యాక మదనపల్లెలో మేడ మీద గదిలో నా సెట్టు ఉంది. ఇంతకన్నా మంచిది ఇక కొనను, కొన్నా నా వయసు చెవులకు తేడా తెలియదు. వినడానికి వచ్చినవాళ్లకు చివర్లో ఆ మంగళవారం రికార్డింగు వేస్తాను. మొదట్లో ఎడమవైపు చప్పుడు పలచగా ఉంటుంది, కొందరు లేచి ఆంప్లిఫయరు మీద బ్యాలెన్సు నాబ్ తిప్పబోతారు. ముట్టుకోవద్దప్పా అంటాను. మూడో నిమిషంలో ఎడమవైపు మెల్లగా పెరిగి కుడివైపుతో సమానమవుతుంది. కాస్త బుస ఉన్నా ఇప్పుడు బాగుందంటారు. ఆ పెంచింది నా చెయ్యి. అక్కడితో ఆపేస్తాను.

ఆ పంట తర్వాత ఉద్యోగంలో ఉన్న మూడేళ్లూ మైకులు షెడ్డు గడప దాటించలేదు. నా కింద చేరిన టెక్నికల్ అసిస్టెంట్లకు రెండే చెప్పాను. ఒక వైపు చప్పుడు తగ్గితే ముందు ఆ వైపుకు నడిచి వెళ్లి ఆకు ఎత్తి చూడండి. రైతు ఎదురుగా ఉన్నప్పుడు ఊరికే నవ్వుతూ నిలబడకండి, ఆమె మీ ముఖం చూసి నిర్ణయం తీసుకుంటుంది.