లాయరక్క, ఆమె జోడీ

లాయరక్క నల్లకోటు ఎన్నడూ వేసుకోలేదు. ఆమె దేశం తరఫున డబుల్స్ బ్యాడ్మింటన్ ఆడేది. అయితే అంపైర్‌తో గొడవ పెట్టుకోకుండా ముగించిన మ్యాచ్ ఒక్కటీ లేకపోవడంతో అసలు పేరు మరుగునపడి ఆ పేరే స్థిరపడింది.

తను కొట్టిన షటిల్ గీతకు జానెడు అవతల పడినా లోపలే పడిందనేది. ఒకసారి షటిల్‌కు ఈకలు తక్కువున్నాయంది. అంపైర్ ఓపిగ్గా పదహారూ లెక్కపెట్టి చూపిస్తే, అన్నీ ఒకే పక్షివేనా అని ఆరా తీసింది. ఆమె మ్యాచ్ అనగానే అంపైర్లు పసుపు కార్డును ముందుగానే పైజేబులోకి మార్చుకునేవారు.

ఆమె జోడీ ఎనిమిదేళ్లు చిన్న. రక్తసంబంధం ఏమీ లేకపోయినా అక్కా అని పిలిచేది, అందుకని అందరికీ చెల్లాయి అయింది. లాయరక్క వాదిస్తున్నంతసేపూ చెల్లాయి మోకాళ్ల మీద చేతులానించి, తలొంచుకుని నిలబడేది. సిగ్గుతో చచ్చిపోతోందని ప్రేక్షకులు జాలిపడేవారు. ఈ గొడవలు మానమని హోటల్ గదిలో ఎన్నిసార్లు బతిమాలినా, దేవుడు నోరిచ్చింది తినడానికి మాత్రమే కాదని లాయరక్క దుప్పటి ముసుగేసుకునేది.

చివరికి ఒక సెమీఫైనల్లో, కోర్టు గీతలే వంకరగా ఉన్నాయి, టేపు తెచ్చి కొలవమని పట్టుబట్టింది. నల్ల కార్డు చూపించి పోటీలోంచి తప్పించారు. మ్యాచ్ పోయింది. క్రమశిక్షణ సంఘం ఇద్దరినీ పిలిపించింది.

కార్యదర్శి మూడేళ్ల గొడవల జాబితా తీసి చదవసాగాడు. ఏ మ్యాచ్, ఏ స్కోరు, ఏ వాదన. వింటున్న కొద్దీ చెల్లాయి తల పైకి లేచింది. ఆ పాయింట్లన్నీ ఆమెకు గుర్తే. ఒక్కొక్కటీ యాభై, అరవై దెబ్బల ర్యాలీ తర్వాతది. ఒక్కోసారీ గుండెల్లో పిల్లికూతలు లేచి, కళ్లు బైర్లు కమ్మిన క్షణం. జట్టులోంచి తీసేస్తారన్న భయంతో ఆ ఉబ్బసాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరికీ తెలియదనే అనుకుంది.

లేచి నిలబడింది. "అవన్నీ నా కోసమండీ. నాకు ఊపిరాడనప్పుడల్లా అక్క గొడవ పెట్టుకుంది."

"అబద్ధం," అంది లాయరక్క కుర్చీలోంచి కదలకుండానే. "ఈ పిల్లకి గుర్రానికున్నంత ఊపిరుంది. నేనే పుట్టు గయ్యాళిని. కావాలంటే మా అమ్మకి ఫోన్ చేసి కనుక్కోండి."

అధ్యక్షుడు కాగితం అడ్డుపెట్టుకుని నవ్వాపుకున్నాడు. లాయరక్కకు మూడు నెలల నిషేధం, చెల్లాయికి ఆరు నెలల వైద్యం తేల్చారు. నిషేధం తీరాక మరో జోడీతో ఆడమని సెలెక్టర్లు చెబితే, తన పక్కన ఎవరు నిలబడాలో తేల్చాల్సింది తనేనని లాయరక్క ససేమిరా అంది. ర్యాంకు వందకు అవతలికి జారిపోయింది. ఆమె లెక్కచేయలేదు.

ఆరు నెలలకు ఇద్దరూ ఒక మూల కోర్టులో, అర్హత పోటీలో, ఊరూపేరూ లేని పిల్లల మీద మళ్లీ దిగారు. చెల్లాయి మందులు వాడి హాయిగా ఆడుతోంది. అయినా మూడో గేమ్ మధ్యలో లాయరక్క అంపైర్ కుర్చీ ముందు నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

చెల్లాయి వెళ్లి ఆమె మోచెయ్యి పట్టుకుంది. "నాకు ఆయాసం లేదక్కా. వచ్చెయ్."

"నీ సంగతి ఎవరడిగారే?" అంది లాయరక్క చెయ్యి విడిపించుకుంటూ. "ఇది నిజంగానే లోపల పడింది."